ఎయిర్‌టేబుల్, గూగుల్ షీట్, సుపాబేస్: యాప్ నుంచి ఎంట్రీలు పంపడానికి ఏది మేలు?

"అన్నా, యాప్ నుంచి టేబుల్‌ల ఎంట్రీలు వేయాలె, ఎయిర్‌టేబుల్ తీసుకోవాల్నా సుపాబేస్ తీసుకోవాల్నా" అని ఈ నెలల ఇద్దరు హన్మకొండోళ్లు, ఒక కరీంనగర్ తమ్ముడు అడిగిండ్రు. ఒక్కొక్కరికి వాయిస్ మెసేజ్ పెట్టుడు నాతోని అయితలేదు, అందుకే రాస్తున్న. ఎయిర్‌టేబుల్ అంటే షీట్ లెక్క కనిపించే ఆన్‌లైన్ టేబుల్, సుపాబేస్ అంటే ఆన్‌లైన్‌ల దొరికే డేటాబేస్.

టోకెన్ (యాప్‌కి ఇచ్చే తాళంచెవి) తీసుడు, జేసన్ (డేటా పంపే రాత పద్ధతి) పంపుడు మీకు తెలిసిందే. స్పీడ్ గురించి గూడ ఎక్కువ ఆలోచించొద్దు. ఎయిర్‌టేబుల్‌ల ఒక రిక్వెస్ట్‌కి 10 రికార్డులు, బేస్‌కి సెకనుకు 5 రిక్వెస్టులు, దాటితే 429 (రిక్వెస్టులు ఎక్కువైనయనే ఎర్రర్) కొట్టి 30 సెకన్లు ఆగమంటది. షీట్స్‌ల ప్రాజెక్ట్‌కి నిమిషానికి 300 రైట్లు (రాతలు), ఒక్క యూజర్‌కి 60. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌ల ఒక అడ్తి (కమీషన్) దుకాణం సీజన్‌ల ఎంత ఉరుకులాడినా సెకనుకు 5 లాట్లు రాసే గుమస్తా ఇంకా పుట్టలే.

నేను చూసేది ఒకటే: పంపినంక జవాబు రాకపోతే ఏమైతది?

పోయిన మిర్చి సీజన్‌ల ఒక అడ్తికి చిన్న యాప్ చేసిచ్చిన. యార్డ్‌ల బస్తాల నడుమ సిగ్నల్ సంగతి తెలుసు కదా, గుమస్తా తేజ రకం 38 బస్తాలు కొట్టి సేవ్ నొక్కిండు, రికార్డు అక్కడ పడ్డది గని జవాబు ఫోన్‌కి చేరేలోపు నెట్ పోయింది, నా కోడేమో ఫెయిలైందనుకొని మళ్ల పంపింది. సాయంత్రం తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) తీస్తే ఆ రైతు పేరు మీద 76 బస్తాలు. కాంటా చీటీ చూసి దడ్వాయి (కాంటా వేసేటోడు) నవ్విండు, సేటు మాత్రం నవ్వలే. తప్పు పూర్తిగ నాదే, ఏ టేబుల్‌దీ కాదు.

మందు ఏందంటే, పంపకముందే ఫోన్‌లనే ఆ రికార్డుకి ఒక యూయూఐడీ (ఇంకే రికార్డుకూ రాని పొడుగు నంబర్) తయారుచేసి దానితోనే పంపాలె, మళ్ల పంపినా అదే నంబర్. ఇగ ఆ నంబర్‌ని టేబుల్ పట్టించుకుంటదా లేదా అన్నకాడనే తేడా అంత.

సుపాబేస్ లోపల పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసే గాబట్టి యూయూఐడీని ప్రైమరీ కీ (ఒకే విలువ రెండుసార్లు పడనియ్యని కాలమ్) చేస్తే అయిపాయె. రెండోసారి పోస్ట్ (కొత్త రికార్డు పంపే రిక్వెస్ట్) కొడితే 409 (ముందే ఉన్నదనే ఎర్రర్) వస్తది, నా కోడ్ దాన్ని "ముందే చేరింది" అని సక్సెస్ లెక్కనే తీసుకుంటది. ఒక్క మెలిక ఉన్నది, నెట్ వచ్చినంక ఫోన్‌ల ఆగిన 20 ఎంట్రీలు ఒకటే రిక్వెస్ట్‌ల పంపితే, అండ్ల ఒక్కటి పాతదున్నా 20కి 20 ఆగిపోతయి. అప్పుడు రిక్వెస్ట్‌తోని పోయే ప్రిఫర్ హెడర్‌ల రిజల్యూషన్‌ని ఇగ్నోర్ డూప్లికేట్స్ అని పెట్టాలె, పాతది వదిలేసి మిగిలినయి ఎక్కుతయి.

ఎయిర్‌టేబుల్‌ల మామూలు పోస్ట్ రెండుసార్లు కొడితే రెండు రికార్డులు, అంతే. కాలమ్‌కి యూనిక్ అని పెట్టే వీలే లేదు. అప్‌సర్ట్ (ఉంటే మార్చుడు, లేకుంటే కొత్తది వేసుడు) ఉన్నది, ప్యాచ్ అనే రిక్వెస్ట్‌ల ఏ ఫీల్డ్ చూసి కలపాల్నో చెప్పొచ్చు, 3 ఫీల్డ్‌ల దాక. గని అప్పటికే డూప్లికేట్లు పడి ఒకే నంబర్‌కి రెండు రికార్డులు దొరికితే ఆ అప్‌సర్టే ఎర్రర్ కొడ్తది, మళ్ల చేత్తోని సాఫ్ చేయాలె. టోకెన్ గూడ ఫోన్ యాప్‌ల పెట్టేది కాదు, ఎవడన్న తీస్తే బేస్ మొత్తం వాని చేతుల పడ్డట్టే, నడుమ ఒక సర్వర్ ఉండాలె. ఫ్రీ ప్లాన్‌ల బేస్‌కి 1,000 రికార్డులు, రోజుకు 60 లాట్లనుకుంటే 17 రోజులకే నిండుతది. చూడనీకి మాత్రం మస్తుంటది, సేటుకు చూపెట్టంగనే నచ్చుతది, అది కాదనను.

షీట్స్ అయితే అప్పెండ్ అంటే చివర వరుస కలుపుడే, కీ గీ ఏం లేదు. యూజర్ ఎంటర్డ్ మోడ్‌ల పంపితే లాట్ నంబర్ 3/12 కాస్తా తారీఖు అయి కూసుంటది, రా (RAW) మోడ్ పెట్టుకోండి. ఫైర్‌స్టోర్, డైనమోడీబీ అనే డేటాబేస్‌లు గూడ ఉన్నయి, ఐడీ మనమే ఇయ్యొచ్చు, డైనమోల అదే కీతోని మళ్ల పుట్ చేస్తే చప్పుడు లేకుండ పాతదాని మీద రాసేస్తది, అది యాదికుంచుకోండి.

సుపాబేస్‌ల గూడ నొప్పి ఉన్నది. రో లెవల్ సెక్యూరిటీ (ఏ వరుస ఎవరు చూడొచ్చు, రాయొచ్చు అని కాసే కాపలా) ఆన్ చేసి పాలసీ రాయకపోతే ఇన్సర్ట్ పోదు, కొత్తోళ్లు ఒక పూటంత అక్కడనే తల పట్టుకుంటరు. ఇంకోటి, ఫ్రీ ప్రాజెక్ట్‌ని ఒక వారం ఎవ్వరు ముట్టకపోతే పాజ్‌ల పడ్తది. మిర్చి అయిపోయి మార్కెట్‌కి సెలవులొచ్చినప్పుడు నాకట్లనే అయింది, డ్యాష్‌బోర్డ్‌కి పోయి లేపిన.

అయినా ఈసారి దానికే మారిన. గుమస్తాకు మాత్రం షీటే కావాలంట, అందుకే రాత్రి 9కి సుపాబేస్ నుంచి ఆ రోజు లాట్లు తీసి, షీట్‌ల ఆ రోజు ట్యాబ్ మొత్తం చెరిపి మళ్ల రాస్తది నా స్క్రిప్ట్. అప్పెండ్ వాడలే.