రంగు సీసాలు కొమ్మకు కట్టాలా, మడి చుట్టూ పాతాలా? ఏది మేలు?

తోట ఫొటో పెట్టిన ప్రతిసారీ అడిగేది ఇదే: అందం కోసం ఖాళీ గాజు సీసాలు కొమ్మకు వేలాడదీయడం మంచిదా, మడి అంచున పాతడం మంచిదా? నేను రెండూ చేశాను. రెండేళ్లు జామచెట్టుకు కట్టాను, పోయిన వేసవిలో అన్నీ దించేసి గులాబీ మడి చుట్టూ పాతాను.

అందం ఒక్కటే చూస్తే మాత్రం వేలాడదీసినవే గెలుస్తాయి. సీసాకి నాలుగు వైపులా వెలుతురు తగులుతుంది, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు జామచెట్టు కింద నేలంతా ఆకుపచ్చ మరకలు అటూ ఇటూ ఊగుతుంటే చూస్తూ కూర్చోవాలనిపిస్తుంది. పాతిన సీసాకి ఆ వెలుగు రాదు. ముఖ్యంగా గోధుమరంగు బీరు సీసాలు, వెలుతురు సోకి సరుకు పాడవకూడదనే కదా ఆ రంగు గాజు వాడేది, వెనక మట్టి ఆనుకుంటే నల్లగానే కనిపిస్తాయి.

అయినా నేను దించేశానంటే కారణం వానలు.

మూతి పైకి ఉన్న సీసాలో వాన నీళ్లు చేరతాయి. మొదటి ఏడు శ్రావణంలో మా వీధికి వచ్చిన ఆశా కార్యకర్త ఒక సీసాను ఒంచి అరచేతిలో నీళ్లు పోసుకుని చూపించింది. సన్నటి వెంట్రుక ముక్కల్లా మెలికలు తిరుగుతున్నాయి, డెంగీ దోమ లార్వా. చెంచాడు నీళ్లున్నా దానికి చాలు, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. దోమలు పెరగకుండా నిల్వ నీళ్లు ఖాళీ చేసే శుక్రవారం డ్రై డే నాడు పారబోస్తే సరిపోతుంది కదా అంటారు, నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ దోమ గుడ్లు నీటి మీద కాదు, నీటి అంచుకు కొంచెం పైన గాజుకే అంటించి పెడుతుంది. నీళ్లు పారబోసినా అవి నెలల తరబడి ఎండిపోయి అలాగే ఉండి, మళ్లీ నీళ్లలో మునిగాక పగిలి లార్వా బయటికి వస్తుంది. అంటే ప్రతి సీసానూ లోపల బ్రష్ పెట్టి రుద్ది కడగాలి. ఇరవై సీసాలకి ప్రతి వారం ఆ పని ఎవరి వల్ల అవుతుంది? మనీప్లాంటు నీళ్లలో పెంచేవాళ్లకూ ఇదే మాట, నీళ్లు మార్చినప్పుడు లోపల గోడలు రుద్దండి, మూతి దగ్గర కాడ చుట్టూ దూది కుక్కండి.

తాళ్ల సంగతి కూడా ఉంది. జనపతాడు ఒక్క వానాకాలం తట్టుకుంటే గొప్ప. మాది రెండో ఏడు అర్ధరాత్రి గాలికి తెగింది, పొద్దున ముగ్గు వేయడానికి వెళ్లిన అమ్మ కాలి పక్కనే గాజుముక్కలు. దేవుడి దయ, ఏమీ కాలేదు. కట్టాల్సిందే అనుకుంటే తుప్పు పట్టని తీగ వాడండి, మూతి కిందికి ఉండేలా కట్టండి, మనుషులు నడిచే దారి మీద వద్దు.

పాతేటప్పుడు సీసా తలకిందులుగా ఉంటుంది కాబట్టి లోపల వాన నీళ్లు చేరే టెన్షన్ లేదు. మూత గట్టిగా బిగించి పాతాలి, లేకపోతే నేలలోని తేమ లోపలికి చేరి గాజు మసకబారుతుంది. 650 మి.లీ. సీసా అడుగు దాదాపు మూడు అంగుళాల వెడల్పు, కాబట్టి పది అడుగుల అంచుకు నలభై సీసాలు కావాలి, పాత సామాన్ల కొట్టులో దొరుకుతాయి. లేబుళ్లు పోవాలంటే వంటసోడా కలిపిన వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి కొబ్బరి పీచుతో రుద్దాలి. సగానికి పైగా నేలలోకి దిగితేనే కదలకుండా నిలుస్తుంది. మాది నల్లరేగడి, ఎండకి నెర్రెలిచ్చి వానకి ఉబ్బుతుంది, ఉత్త మట్టిలో పాతితే వరస వంకర తిరుగుతుంది. అందుకే కాలువ కొంచెం వెడల్పుగా తీసి సీసాలకు అటూ ఇటూ ఇసుక పోసి కూరాను. ఎర్రనేల వాళ్లకి ఈ బాధ అంతగా ఉండదు. మడిలో మట్టిని, పైకి కనిపించే సీసా అడుగు భాగం కంటే నాలుగు అంగుళాలు కిందికి ఉంచితే పడమటి ఎండ గాజులోంచి దాటి వస్తుంది, ఆకుపచ్చవి అప్పుడు బాగా మెరుస్తాయి.

పెయింటు వేసిన సీసాలు తడినేలలో పెట్టకండి, పొరలు పొరలుగా లేచిపోతుంది. లోపల లైట్ల దండలు పండగ నాలుగు రోజులకి సరే. ఇనుప చువ్వలే కొమ్మలుగా, వాటికి సీసాలు తొడిగే చెట్టు మాత్రం మంచిదే, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో దుష్టశక్తులు అందులో చిక్కుతాయని నీలం సీసాలతో అలా కడతారు, మన దిష్టి గుమ్మడికాయ లాంటి నమ్మకమే. అందులోనూ మూతి కిందికే ఉంటుంది. స్థలం ఉంటే నా రెండో ఓటు దానికి.

మిద్దె తోట వాళ్లు పిట్టగోడ మీద గానీ, గోడ బయటి వైపు గానీ సీసా పెట్టొద్దు, కింద మనుషులు తిరుగుతారు. పెద్ద టబ్బు ఉంటే అందులోనే అంచు చుట్టూ తలకిందులుగా గుచ్చండి. చిన్నపిల్లలు చెప్పుల్లేకుండా ఆడే చోట నేను ఏ రకమూ పెట్టను. మా మేనకోడలు పాకే వయసులో ఉంది, అందుకే ఇంటి వైపు అంచుకు మాత్రం ఇటుకలే పేర్చాను.