తుపాకీకి తాళమా, ఇనప్పెట్టా: ఏది మేలు?

ఏ తాళం కొనాలన్నది తర్వాతి మాట. తుపాకీ ఎవరి చేతికి అందకూడదో ముందు తేల్చుకోవాలి. పసిపిల్లలకా, దొంగకా, మనసు బాగోలేని ఇంటి మనిషికా? ఈ ముగ్గురినీ ఒకే తాళం ఆపలేదు.

అన్నిటికన్నా చవక కేబుల్ లాక్. ప్లాస్టిక్ తొడుగున్న ఉక్కు తీగ, దాని కొసన చిన్న తాళం, అంతే. పిస్టల్‌కైతే మ్యాగజైన్ (తూటాల డబ్బీ) ఊడదీసి, స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే లోహపు భాగం) వెనక్కి లాగి ఆపి, చాంబర్‌లోకి (పేలే ముందు తూటా కూర్చునే చోటు) కళ్లతో చూడాలి. చిటికెన వేలు పెట్టి తడిమి కూడా చూడాలి. ఖాళీ అని తేలాక, తూటా తొడుగు బయటపడే సందులోంచి తీగ దూర్చి, మ్యాగజైన్ పట్టే గూటిలోంచి కిందికి లాగి తాళం వేయాలి. తీగ అడ్డం ఉన్నంతసేపూ స్లైడ్ మూసుకోదు, తూటా ఎక్కదు. తుపాకీ ఖాళీ చేస్తే తప్ప ఈ తాళం పడదు, అందుకే ఇదంటే నాకు గురి. కానీ పెద్ద కట్టర్ ఉంటే తీగ ఎంతోసేపు ఆగదు. దొంగ తాళంతో సహా తుపాకీని ఎత్తుకుపోతాడు కూడా.

ట్రిగ్గర్ లాక్ మీద నాకు అంత నమ్మకం లేదు. రెండు ముక్కలు ట్రిగ్గర్‌కు అటూ ఇటూ బిగుస్తాయి. తూటా నిండి ఉన్నా పట్టేస్తుంది, ప్రమాదమంతా అక్కడే: బిగించేటప్పుడో కదిలినప్పుడో ట్రిగ్గర్ నొక్కుకుపోవచ్చు. నిండిన తుపాకీకి దాన్ని ఎప్పుడూ వేయకూడదు.

దొంగ భయం ఉంటే పెట్టె కావాల్సిందే. చిన్న లాక్‌బాక్స్ అయినా సరే, గోడకో నేలకో బోల్టులు వేసి బిగిస్తేనే దానికి విలువ. వదులుగా ఉంచితే చంకన పెట్టుకుని పోవచ్చు. పొడుగు తుపాకులకు ఉక్కు క్యాబినెట్ ఒకటి, బరువైన సేఫ్ ఇంకొకటి. క్యాబినెట్ రేకు పలచన, గునపానికి లొంగుతుంది. పిల్లల నుంచి మాత్రం బాగానే కాపాడుతుంది. సేఫ్ కూడా అజేయమేం కాదు. అమెరికాలో భద్రతా పరీక్షలు చేసే యూఎల్ సంస్థ ఇళ్లలో వాడే పెట్టెలకు ఇచ్చే ఆర్‌ఎస్‌సీ ముద్ర మొదటి స్థాయికి అర్థం, మామూలు చేతి పనిముట్లతో చేసే దాడిని 5 నిమిషాలు తట్టుకుంటుందని. లోపల చెమ్మ పట్టి తుప్పు రాకుండా సిలికా జెల్ వేసి, తరచూ మారుస్తుండండి.

పెట్టె ఏదైనా సగం బలం దాన్ని తెరిచే పద్ధతిలో ఉంది. వేలిముద్ర తడి చేతికో నూనె చేతికో మొండికేస్తుంది. నా ఓటు అంకెల మీటలకే, పుట్టిన తేదీ మాత్రం పెట్టకండి. బ్యాటరీ అయిపోతే వాడే తాళంచెవిని అదే పెట్టెలో దాచకండి. బీరువా మీద దాచిన చెవి పిల్లలకు తెలియదనుకోవడం పొరపాటు. 2006లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, తుపాకీ ఎక్కడుందో పిల్లలకు తెలియదన్న తల్లిదండ్రుల్లో 39 శాతం మంది మాటను వాళ్ల పిల్లలే కాదన్నారు.

2005లో జామా వైద్యపత్రికలో వచ్చిన పరిశోధన నాలుగు అలవాట్లను విడివిడిగా చూసింది: తుపాకీకి తాళం, తూటాలు తీసేసి ఉంచడం, తూటాలకు తాళం, రెండిటినీ వేరువేరు చోట్ల పెట్టడం. నాలుగిటిలో ఏది పాటించిన ఇళ్లలోనైనా పిల్లలకు, కౌమారులకు తుపాకీ ముప్పు తక్కువగా కనిపించింది. అందుకే నేను ఒక్కదాన్ని ఎంచుకోమనను. బోల్టు వేసిన పెట్టెలో కేబుల్ వేసిన ఖాళీ తుపాకీ, తూటాలు వేరే తాళంలో. ఒక్కటే కొనగలిగితే పెట్టె కొనండి.

ఈ తాళాలేవీ ఆపలేని మనిషి ఒకరున్నారు, తాళంచెవి చేతిలో ఉన్న యజమాని. ఆ మనిషి కుంగిపోయి ఉన్న రోజుల్లో చెవి ఇంకొకరి దగ్గర ఉండాలి, అంకెలు మార్చేయాలి. చట్టం ఒప్పుకునే చోట, కొన్నాళ్లు తుపాకీనే ఇల్లు దాటించడం అన్నిటికన్నా మేలు.