“ఓపెన్ చేసిన సెట్టు” అంటే కొనకండి: బోటు ఓనర్లకు, సరంగులకు జాగ్రత్త

జువ్వలదిన్నె, ఇస్కపల్లి, తుమ్మలపెంట, కొత్తపట్నం వైపు వేటకు పోయే బోట్ల వాళ్ళు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. “ఓపెన్ చేసిన సెట్టన్నా, అన్ని ఛానళ్ళూ పలుకుతాది, 50 వాట్లు, మెరైన్ సెట్టుకి డబుల్” అని హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాకు వైర్‌లెస్‌లో మాట్లాడుకునే వాళ్ళ) మొబైల్ సెట్లను బోట్లకు అంటగడుతున్నారు. ఓపెన్ చేయడమంటే కంపెనీ పెట్టిన ప్రసారం హద్దును తీసేయడం. అట్లా కొన్న డ్యూయల్ బ్యాండ్ (వీహెచ్ఎఫ్, దానికన్నా పై ఫ్రీక్వెన్సీల యూహెచ్ఎఫ్ రెండూ ఉన్న) సెట్టు ఒకటి రిపేరు బల్ల మీదికి వచ్చింది. బిల్లులో “మెరైన్ వైర్‌లెస్” అని మాత్రం ఉంది, మోడల్ నంబరు లేదు. మూత తీసి, మీటరు పెట్టి చూస్తే తేలిన సంగతులు ఇవి.

మూత స్క్రూల తలలు ముందే అరిగిపోయి ఉన్నాయి. ముందు ప్యానెల్ వెనక ఉన్న చిన్న బోర్డు మీద, బియ్యపు గింజలో పావు వంతు ఉండే జీరో ఓమ్ రెసిస్టర్‌ను పీకేశారు. లావు మొన సోల్డరింగ్ ఐరన్‌తో లాగినందువల్ల దాని కిందున్న రాగి ప్యాడ్ కూడా లేచి వచ్చింది. పక్కన తెగిన గీతకు సన్న తీగ ముక్కతో అతుకు వేశారు. చుట్టూ గోధుమరంగు ఫ్లక్స్ జిగురు అలాగే ఉంది, తుడవను కూడా లేదు. ఇంజను అదురుకు, ఉప్పు గాలికి ఆ అతుకు ఎన్నాళ్ళు నిలుస్తుందో మీరే ఆలోచించండి.

అసలు మోసం ఆ రెసిస్టర్ చేసే పనిని తప్పుగా చెప్పడంలో ఉంది. సెట్టు ఆన్ కాగానే ప్రాసెసర్ దాన్ని చూసి ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ప్రసారం చేయవచ్చో నిర్ణయించుకుంటుంది. తీసేస్తే పోయేది ఆ హద్దు ఒక్కటే. ఫ్రీక్వెన్సీ పుట్టించే ఆసిలేటర్, పవర్ స్టేజి, దాని తర్వాతి ఫిల్టరు కంపెనీ చేసినట్టే ఉంటాయి. మన దేశంలో హామ్ వాళ్ళకిచ్చిన 2 మీటర్ల బ్యాండు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. ఆపదలో పిలవడానికి వాడే మెరైన్ ఛానల్ 16 ఉన్నది 156.800 దగ్గర. స్క్రీను మీద 156.800 అని అంకె కనపడినంత మాత్రాన ఆ పవరు ఏంటెన్నాకు చేరుతున్నట్టు కాదు.

ఈ సెట్టుకు 13.8 వోల్టులిచ్చి డమ్మీ లోడ్ (ఏంటెన్నాకు బదులు పెట్టి పవరును వేడిగా మార్చే రెసిస్టర్) మీద కొలిస్తే 145 దగ్గర 48 వాట్లు వచ్చాయి, 10.5 ఆంపియర్లు లాగింది. 156.800 దగ్గర 26 వాట్లే వచ్చాయి, లాగింది మాత్రం 9.5 ఆంపియర్లు. అంటే బ్యాటరీ నుంచి తీసుకున్న 131 వాట్లలో వందకు పైగా వేడి కింద పోతోంది. మీట నొక్కి రెండు నిమిషాలు మాట్లాడితే వెనక రేకు మీద చెయ్యి ఆనలేదు. పవర్ మాడ్యూల్ కాలిపోవడానికి ఇదే దారి. యూహెచ్ఎఫ్ వైపు ఇంకా అన్యాయం: ఆసిలేటర్ లాక్ కాలేదు (అడిగిన ఫ్రీక్వెన్సీ మీద నిలవలేదు), మీట నొక్కితే పవరే బయటికి రాలేదు. అయినా అంకె మాత్రం చక్కగా చూపిస్తూనే ఉంది.

ఉన్నమాట చెప్పాలి. ఒక్క వీహెచ్ఎఫ్ బ్యాండే ఉన్న కొన్ని సెట్లలో పవర్ మాడ్యూల్ 135–175 మెగాహెర్ట్జ్‌కి చేసినదే ఉంటుంది, వాటిలో 156 దగ్గర కూడా వాట్లు బాగానే వస్తాయి. అయినా అది మెరైన్ సెట్టు కాదు. స్థిరంగా బిగించే మెరైన్ సెట్లలో చాలావాటికి మూత కింద ఎర్ర బటన్ ఉంటుంది. దాన్ని పట్టి ఉంచితే ఛానల్ 70 మీద, అంటే 156.525 మీద, బోటు నంబరుతో డిజిటల్ ఆపద సందేశం పోతుంది. జీపీఎస్ కలిపి ఉంటే బోటు ఉన్న చోటు కూడా దాంతోపాటే పోతుంది. ఓపెన్ చేసిన సెట్టులో ఈ ఏర్పాటే లేదు. పైగా ఛానల్ 70లో మాట్లాడకూడదని దానికి తెలియదు. అక్కడ ఎవరన్నా కబుర్లు పెట్టుకుంటే మునుగుతున్న ఇంకో బోటు సందేశానికి అడ్డం పడతారు.

ఇంకో తప్పు కూడా ఈ సెట్టులోనే బయటపడింది. మెరైన్ ఛానళ్ళలో కొన్నింటికి రెండు ఫ్రీక్వెన్సీలుంటాయి. ఉదాహరణకు ఛానల్ 26లో బోటు 157.300 మీద మాట్లాడాలి, తీరం 161.900 మీద పలుకుతుంది. తేడా 4.6 మెగాహెర్ట్జ్. ఇక్కడ 157.300 ఒక్కటే ఎక్కించి “26 పెట్టాను” అన్నారు. అవతల తీరం స్టేషన్ ఎంత పిలిచినా ఈ సెట్టుకు చస్తే వినపడదు.

“50 వాట్లు, 60 మైళ్ళు కొడతాది” అన్న మాట అసలు నమ్మొద్దు. వీహెచ్ఎఫ్ దూరం వాట్ల కన్నా ఎత్తును బట్టి ఉంటుంది. ఏంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి 4.1తో హెచ్చవేస్తే దాని చూపు కిలోమీటర్లలో వస్తుంది. రెండు వైపులవీ కూడాలి. 4 మీటర్ల ఎత్తున ఏంటెన్నాలున్న రెండు బోట్ల మధ్య 16 కిలోమీటర్లు. తీరంలో 36 మీటర్ల టవరుంటే దాదాపు 33. 25 వాట్లు 50 అయితే పెరిగేది 3 డెసిబెల్సే, దూరానికి దానివల్ల ఒరిగేది కొంచెమే. ఆ డబ్బుతో ఏంటెన్నాను ఇంకో రెండు మీటర్లు పైకెత్తండి, అదే మేలు.

ఏంటెన్నా కూడా పాతదే తగిలిస్తున్నారు. 145కి కోసిన పావు వేవ్ (తరంగం పొడవులో సుమారు పావు వంతు) రాడ్డు సుమారు 49 సెంటీమీటర్లు, 156.8కి 45 చాలు. తేడా నాలుగే సెంటీమీటర్లు కదా అనుకోవద్దు. ఎస్‌డబ్ల్యూఆర్ (ఏంటెన్నా సెట్టుకు ఎంత సరిపోలేదో చెప్పే కొలత) 3కి చేరితే పోయిన పవరులో నాలుగో వంతు వెనక్కి తిరిగి మాడ్యూల్ మీదే పడుతుంది. 24 వోల్టుల బ్యాటరీలున్న బోట్లలో కన్వర్టర్ లేకుండా ఈ సెట్టు తగిలిస్తే కాలిపోయే ప్రమాదం ఉంది. మెరైన్ సెట్టు మీద ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకుంటుందని అర్థం. కారులో పెట్టుకునే ఈ సెట్ల మైకు సాకెట్టుకు నీటి చుక్క తగిలినా పచ్చగా చిలుము పడుతుంది.

ఎవరన్నా చూపిస్తే అక్కడే అడగండి: 50 ఓమ్ డమ్మీ లోడ్, వాట్ మీటర్, ఆమ్‌మీటర్ పెట్టి ముందు 145, తర్వాత 156.800 కొలిచి చూపించమనండి. డమ్మీ లోడ్ వంద వాట్లదయి ఉండాలి, ఏంటెన్నా మీద పెట్టి ఛానల్ 16లో పరీక్ష చేయనివ్వకండి. “మీటరు లేదు” అన్న చోట కొనొద్దు. మోడల్ నంబరు, ఫ్రీక్వెన్సీ పరిధి బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. హామ్ లైసెన్సున్న వాళ్ళకైనా తమ బ్యాండు దాటి ప్రసారం చేసే హక్కు లేదు. మెరైన్ సెట్టుకూ లైసెన్సు పద్ధతి వేరే ఉంది. రొయ్యల చెరువుల మీద కాపలాకు కావాలంటే లైసెన్సు అక్కర్లేనివి 446.0–446.2 మెగాహెర్ట్జ్‌లో తక్కువ పవరుతో పనిచేసే వాకీటాకీలు, వాటిని కూడా ఓపెన్ చేయించకండి. ఆన్‌లైన్‌లో వాకీటాకీలు అమ్మేవాళ్ళు ఫ్రీక్వెన్సీ పరిధిని, లైసెన్సు కావాలో వద్దో చూపించాలని 2025లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. మోసపోయిన వాళ్ళు బిల్లు దగ్గర పెట్టుకుని 1915కి ఫోన్ చేయండి.

ఇప్పటికే బోటుకు బిగించుకున్న వాళ్ళు దాన్ని ఆపదకు నమ్ముకుని ఈసారి వేటకు కదలకండి. సరైన మెరైన్ సెట్టు దొరికేదాకా, బోటులో డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ (ఆపదలో ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పెట్టె) ఉంటే దాని బ్యాటరీ గడువు చూసుకోండి. సిగ్నల్ అందే దూరంలో ఉంటే కోస్ట్‌గార్డు నంబరు 1554; బోటెక్కే ప్రతి కలాసీ ఫోనులో అది ఎక్కించండి.