యూనియన్ కౌన్సెలింగ్ లైన్, రెండున్నరేళ్లు వాడినంక

మాది మిర్యాలగూడ, డ్యూటీ హుజూర్‌నగర్ సైడు ఒక సిమెంట్ ఫ్యాక్టరీల, ఏ బీ సీ షిఫ్టులు తిరుగుతనే ఉంటయి, సీ అంటే రాత్రిది. యూనియనోళ్లు మెంబర్లకు, ఇంట్లోళ్లకు ఫోన్‌ల కౌన్సెలింగ్ పెట్టిన్రు, పైసలు లెవ్వు, పేరు బయటికి రాదన్నరు. నేనైతే నమ్మలే. మా యూనియన్ ఆఫీసుల ఎవ్వని నోట్ల నువ్వుగింజ నానదు, పొద్దుగాల క్యాంటీన్ల అన్న మాట సాయంత్రం వరకు గేటు కాడ వాచ్‌మన్ కూడ చెప్తడు మరి.

నిద్ర పడ్తలేదు అని చెప్పి ఫోన్ చేసిన. అసలు సంగతేందంటే సీ షిఫ్టు దిగినంక పొద్దున్నే క్వార్టర్ తాగితే గాని కన్ను మూత పడకపోతుండె. ఫోన్‌ల మాట్లాడే కౌన్సెలర్ మేడం మూడో ఫోన్‌ల నిమ్మళంగ అడిగింది, రోజుకెంత అని. తిట్టలే. సరే మేడం రేపటి సంది బంద్ అన్న నేను పెద్ద మొనగాని లెక్క, వద్దన్నది! రోజూ తాగేటోళ్లు ఒక్కసారే ఆపితే చేతులు వణుకుతయి, కొందరికి ఫిట్స్ వస్తయి, రెండు మూడు రోజులకు లేనివి కనవడ్తయి, డాక్టర్ చూస్తుండంగనే ఆపాలె అన్నది. అప్పుడు యాదికొచ్చింది మా బాబాయి అయ్యప్ప మాల ఏసుకున్నప్పుడు గట్లనే పడిపోతే గాలి సోకిందని తాయెత్తు కట్టిపిచ్చినం, ఆగమాగం జేసినం ఆయన్ని.

నల్గొండల సైకియాట్రీ డాక్టర్‌కు రాసిచ్చిన్రు. గోళీలు, బీ1 సూదులు, పది రోజులు కష్టమైంది, తర్వాత పర్వాలే. నడుమ ఒకసారి మళ్ల తాగిన, అది కూడ మేడంకు చెప్పిన.

ఎనిమిది నెలలకు మా ఆమె బియ్యం ఏరుకుంట చెప్పింది, నీకంటే ముందు నేనే ఫోన్ చేసిన ఆ మేడంకు అని. ఇద్దరం ఒకామెతోనే మాట్లాడుతున్నమన్నట్టు! అన్ని నెలలల ఒక్క మాట జారలే ఆమె నోటి నుంచి. నాకు కోపం రావాలె గాని రాలే. నమ్మకమంటే ఆ రోజు కుదిరింది.

బాగలేనివి కూడ చెప్తా. వాళ్లిచ్చిన డాక్టర్ల లిస్టుల మొదటి నెంబర్ కలవనే లేదు, రెండో డాక్టర్ ఊరు మారిండు. నల్గొండ పోవాలంటే షిఫ్టు పోతది, ఇంతకు డాక్టర్ చూసేది పది నిమిషాలు. 21 వేల లోపు జీతమున్న కాంట్రాక్టు పోరగాళ్లను ఈఎస్ఐకి, అంటే కార్మికుల సర్కారు బీమా దవాఖానకు పంపుతున్నరు, ఈఎస్ఐ కార్డుంటే మందులకు పైసలు పడయి, నా లెక్క జీతం దాటినోళ్లు చేతి నుంచి పెట్టుకునుడే. రాత్రి ఎనిమిదైతే లైన్ ఎత్తరు, మాకు బాధ మొదలయ్యేదే అప్పుడు. అందుకే 14416 ఇచ్చిన్రు, టెలి మానస్, మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ లైన్, 24 గంటలు ఫ్రీ, తెలుగుల మాట్లాడుతరు, సీ షిఫ్టుల టీ బ్రేక్‌ల ఒకసారి చేసిన, ఎత్తిన్రు.

మొన్న ఆ మేడం మానేసింది. కొత్తాయన వచ్చిండు, మంచోడే, కాకపోతే మళ్ల మొదటి నుంచి చెప్పుకొచ్చుడు అయితలేదు నాకు. మా చిన్నోని ఫోన్‌ల మాత్రం ఆ యూనియన్ నెంబర్ కనవడ్డది, ఇంటర్ చదువుతుండు. ఏం మాట్లాడిండో అడగలే నేను.