నికాన్ ఎఫ్3, ఎఫ్4: సెకండ్ హ్యాండ్‌లో ఏది మేలు?

గుంటూరు నుంచి మా అక్క కొడుకు పోయిన నెల ఫోన్ చేశాడు. "మావయ్యా, రెండు నికాన్ ఫిల్మ్ కెమెరాలు చూశాను. ఒకటి ఎఫ్3, ఇంకోటి ఎఫ్4. ఎఫ్4 కొత్తది, ఆటోఫోకస్ ఉంది, పైగా తక్కువకే ఇస్తానంటున్నాడు. మరి పాతదానికి ఎక్కువ ఎందుకు అడుగుతున్నారు?" అన్నాడు. సబబైన ప్రశ్నే. ఫోన్‌లో తేలే సంగతి కాదని ఆదివారం బెజవాడ రమ్మన్నాను. నా దగ్గర రెండూ ఉన్నాయి, రెండింటితోనూ ఏళ్ళ తరబడి పనిచేశాను. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఈ మధ్య ఫిల్మ్ మీద మనసు పడిన కుర్రాళ్ళు ఇంకొందరు ఇదే అడుగుతున్నారు కాబట్టి.

నా మాట ముందే చెప్పేస్తాను. ఎఫ్4 అన్ని విధాలా తెలివైన కెమెరా. అయినా నెలకి ఒకటో రెండో రీళ్ళు తీసేవాళ్ళకి నేను ఎఫ్3నే కొనమంటాను. ఒక్క పెళ్ళి పనికి మాత్రం కాదు.

ఎఫ్3 1980లో వచ్చింది, ఎఫ్4 1988లో. రెండింటికీ రూపం దిద్దింది ఇటలీ డిజైనర్ జార్జెట్టో జుజారోనే. నికాన్ కెమెరాల పట్టు మీద కనిపించే ఆ ఎర్ర గీత ఎఫ్3తోనే మొదలైంది. ఎఫ్4 వచ్చింది, 1996లో ఎఫ్5 కూడా వచ్చింది, అయినా ఎఫ్3 తయారీ ఆగలేదు. దాదాపు 20 ఏళ్ళు సాగింది. తర్వాతి తరం పక్కనే ఉండగా పాతదాన్ని జనం అన్నేళ్ళు కొన్నారంటే, అందులో ఏదో ఉండే ఉంటుంది కదా.

వాడు రాగానే రెండూ టేబుల్ మీద పెట్టి, కళ్ళు మూసుకుని ఒక్కోటీ చేతిలోకి తీసుకోమన్నాను. ఎఫ్3 హెచ్‌పీ ఫైండర్‌తో (కన్ను పెట్టి చూసే పైభాగం) 760 గ్రాములు. ఎఫ్4 చిన్న గ్రిప్‌తోనే 1090 గ్రాములు, ఎఫ్4ఎస్ అనే పెద్ద గ్రిప్‌ది 1280. ఇది సెల్లు వేయకముందు లెక్క. దాని మీద సెల్లు, లెన్సు. మే నెలలో కృష్ణా ఒడ్డున రెండు గంటలు మెడకి వేలాడదీసుకుంటే ఆ తేడా ఏమిటో మెడకే తెలుస్తుంది.

తర్వాత ఎఫ్3 లివర్ తిప్పమన్నాను. లోపల బాల్ బేరింగుల మీద తిరుగుతుంది అది. బొటనవేలు ఆనించి అలా తోస్తే ఎక్కడా పట్టేయకుండా, ఎక్కడా వదిలేయకుండా చివరిదాకా ఒకే తీరున వస్తుంది. వాడు ఏమీ మాట్లాడకుండా నాలుగైదుసార్లు తిప్పాడు. ఎఫ్4లో ఆ లివరే లేదు. మోటారు జర్రుమంటుంది, తర్వాతి ఫ్రేమ్ సిద్ధం. చిన్న గ్రిప్‌తో సెకనుకి 4 ఫ్రేములు, పెద్ద గ్రిప్‌తో 5.7. ఆ లెక్కన 36 ఫ్రేముల రీలు పది సెకన్లలోపే ఖాళీ అవుతుంది. రీలు ధర, కడిగించే ఖర్చు, స్కాన్ ఖర్చు మనకి తెలిసినవే. ఈ రోజుల్లో ఆ వేగం ఎవరికి కావాలో నాకు నిజంగా తెలియదు.

ఇక అసలు తేడా మీటర్‌లో, అంటే వెలుతురు కొలిచే భాగంలో ఉంది. దీని మీదే ఎక్కువసేపు కూర్చున్నాం.

ఎఫ్3 ఫ్రేమ్ మధ్యలో 12 మిల్లీమీటర్ల వలయం ఉంటుంది. మీటర్ ఇచ్చే లెక్కలో 80 శాతం ఆ వలయం లోపలి వెలుతురుదే, బయట ఉన్నదంతా కలిపి 20 శాతం. అంటే అది ఊహించదు. దేని మీద పెడితే దాన్నే కొలుస్తుంది. తెల్ల పంచె మీద పెడితే ఆ పంచెని బూడిదరంగు చేసే లెక్క చెబుతుంది, ఓ స్టాప్ (అంటే రెట్టింపు వెలుతురు) పైన మనమే ఎక్కువ ఇవ్వాలి. అదే మొహం మీద పెట్టి, లాక్ చేసి, మళ్ళీ ఫ్రేమ్ కట్టుకుంటే తప్పు చేయదు. దానికి ఏం తెలుసో, ఏం తెలియదో మనకి పూర్తిగా తెలుసు.

ఎఫ్4 ఫ్రేమ్‌ని ఐదు భాగాలుగా కొలిచి, ఆకాశం ఎక్కడుంది, మనిషి ఎక్కడున్నాడు అని తనే లెక్క కడుతుంది. కెమెరాని నిలువుగా తిప్పినా గుర్తుపట్టడానికి లోపల పాదరసం స్విచ్‌లు పెట్టారు. ఇంకో గొప్ప సంగతి: పాత మాన్యువల్ ఏఐ లెన్సులు (కృత్రిమ మేధ కాదు, నికాన్ పాత లెన్సుల రకం పేరు) తగిలించినా ఆ ఐదు భాగాల మీటర్ పనిచేస్తుంది. దాని తర్వాత వచ్చిన ఎఫ్5లో ఆ లెన్సులకి ఈ సదుపాయం లేదు. నా పాత 105 మిల్లీమీటర్ల లెన్సు ఎఫ్4 మీద పెట్టినప్పుడల్లా ఆ ఇంజనీర్లకి దండం పెట్టాలనిపిస్తుంది.

మరి అంత మంచి మీటర్‌ని వదిలి పాతదే ఎందుకంటే, నేర్చుకునేవాడి కోసం. గుంటూరు మిర్చి యార్డులో పొద్దున ఎనిమిదింటికి నిలబడ్డామనుకోండి. ఒక పక్క ఎండలో మెరిసే ఎర్రటి రాశులు, ఇంకో పక్క షెడ్డు నీడలో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తున్న నల్లటి మొహాలు, తలకి తెల్ల తువ్వాళ్ళు. ఎఫ్4 దీనికి సర్దుబాటు లెక్క ఒకటి ఇస్తుంది. చాలాసార్లు బాగానే వస్తుంది. కానీ బాగా రాని ఫ్రేమ్ ఎందుకు రాలేదో చెప్పదు. ఎఫ్3తో తీసినవాడు నెగటివ్ చూడగానే పట్టుకుంటాడు, "తువ్వాలు మీద పెట్టాను, అందుకే మొహం మునిగిపోయింది" అని. వాడి తర్వాతి రీలు బాగుపడుతుంది.

ఫ్లాష్ దగ్గరికొస్తే మాత్రం తిరకాసు లేదు, ఎఫ్4దే గెలుపు. ఎఫ్3లో ఫ్లాష్‌తో వాడగలిగే గరిష్ఠ వేగం 1/80 సెకను. ఎఫ్4లో 1/250. కాగితం మీద చిన్న అంకెల్లా కనిపిస్తాయి. పట్టపగలు పందిరి బయట పెళ్ళికూతురు నిలబడితే తెలుస్తుంది. 200 స్పీడు (ఐఎస్ఓ) ఫిల్మ్ వేశాం, వెనకంతా ఎండ. 1/80 దగ్గర ఎపర్చర్ (లెన్సులో వెలుతురు దూరే రంధ్రం, అంకె పెరిగితే రంధ్రం చిన్నది) 22 కంటే ఇంకాస్త మూయాలి. 1/250 దగ్గర 14 చాలు. 100 స్పీడు ఫిల్మ్‌కి 36 గైడ్ నంబర్ (ఫ్లాష్ బలం చెప్పే అంకె) ఉన్న మంచి ఫ్లాష్ తీసుకున్నా, మొదటి కెమెరాతో దాని వెలుగు సరిగ్గా రెండు మీటర్లు వెళ్తుంది. రెండోదానితో మూడున్నర. రెండు మీటర్లలో పెళ్ళికూతురు వస్తుంది, పక్కన నిలబడ్డ మేనత్తలు రారు.

పైగా ఎఫ్3లో ఫ్లాష్ తగిలించే చోటు కూడా మామూలుగా ఉండదు. రీలు వెనక్కి చుట్టే పిడి మీద ప్రత్యేకమైన అమరిక. మామూలు ఫ్లాష్‌కి అడాప్టర్ వెతుక్కోవాలి. అది తగిలించి ఉంటే రీలు మార్చడం కష్టం. తలంబ్రాల మధ్యలో రీలు అయిపోతే చేతులు వణుకుతాయి. ఆ టెన్షన్ నేను పడ్డాను, ఇంకెవరూ పడనక్కర్లేదు. ఎఫ్4లో ఫ్లాష్ నెత్తి మీదే, అందరికీ తెలిసిన షూలోనే కూర్చుంటుంది.

ఆటోఫోకస్ కోసం ఎఫ్4 కొనకండి. మధ్యలో ఒకే ఒక్క పాయింటు, ఇప్పటి కెమెరాలకి అలవాటుపడ్డ కంటికి నిదానంగానే ఉంటుంది. అయితే మీ ఇంట్లో డిజిటల్ నికాన్ తాలూకు లెన్సులు ఉంటే సంగతి వేరు. ఎపర్చర్ రింగ్ లేని జీ రకం లెన్సులు ఎఫ్3 మీద దండగ, పూర్తిగా మూసుకుపోయి ఉంటాయి. ఎఫ్4 మీద పీ (వేగం, ఎపర్చర్ రెండూ కెమెరాయే చూసుకునేది), ఎస్ (వేగం మనం పెడితే ఎపర్చర్ అది చూసుకునేది) మోడ్‌లలో పనిచేస్తాయి. మావాడి దగ్గర అలాంటివి లేవు. నా 50 మిల్లీమీటర్ల మాన్యువల్ లెన్సు ఇస్తానని ముందే మాటిచ్చాను.

సెల్లు. ఎఫ్3కి రెండు చిన్న బటన్ సెల్లు చాలు, ఎల్ఆర్44 రకం. నెలలు వస్తాయి, రెండు అదనపు సెల్లు జేబులో ఎక్కడో పడి ఉంటాయి. అవీ అయిపోతే లెన్సు పక్కనున్న చిన్న మీటతో సుమారు 1/60 వేగంతో ఇంకా తీయవచ్చు. ఎఫ్4కి నాలుగో ఆరో పెన్సిల్ సెల్లు కావాలి, అవి అయిపోతే అది ఇనుప దిమ్మె. ఊళ్ళో తిరిగేవాళ్ళకి ఇబ్బంది లేదు, పెన్సిల్ సెల్లు ప్రతి కిరాణా కొట్లోనూ ఉంటాయి. కొండపల్లి కోట మీద మాత్రం ఉండవు.

ఎఫ్3లో నన్ను విసిగించేది ఒకటుంది, దాచను. ఫైండర్ లోపల వేగం చూపించే చిన్న ఎల్‌సీడీ. చీకట్లో దానికి లైటు వెలిగించే బుల్లి ఎర్ర బటన్ ఫైండర్ పక్కన ఉంటుంది, వేలికి దొరకదు, దొరికినా గట్టిగా నొక్కితే గానీ వెలగదు. దసరా తెప్పోత్సవం రాత్రి ఘాట్ మీద జనంలో నిలబడి, హంస వాహనం తిరుగుతుంటే ఆ బటన్‌తో కుస్తీ పట్టి, చివరికి మీటర్ వదిలేసి అలవాటు మీద తీశాను. ఎఫ్4లో ఆ బాధ లేదు.

ఇప్పుడు కొనేటప్పుడు చూడాల్సినవి. ఇది మోడల్ కంటే ముఖ్యం. చెడిపోయిన ఎఫ్4 కంటే బాగున్న ఎఫ్3 మేలు, చెడిపోయిన ఎఫ్3 కంటే బాగున్న ఎఫ్4 మేలు. కెమెరా ఏదైనా చాలావరకు 30, 40 ఏళ్ళ వయసుది.

ఎఫ్4 ఫైండర్‌లో అంచుల నుంచి నల్లటి సిరా మరకలా పాకుతోందేమో చూడండి. ఎల్‌సీడీ కారడం దాని పేరుమోసిన జబ్బు. కాస్త ఉంటే అంకెలు కనిపిస్తాయి, పని జరిగిపోతుంది, ధర మాత్రం తగ్గించి అడగండి. గ్రిప్ విప్పి సెల్లు కూర్చునే రేకుల మీద పచ్చటి తుప్పు ఉందేమో చూడండి.

ఎఫ్3ని పరీక్షించేటప్పుడు చాలామంది ఒక పొరపాటు చేస్తారు. రీలు లేకుండా తిప్పి, ఏ వేగం పెట్టినా ఒకేలా కొడుతోంది, షట్టర్ పోయింది అని వదిలేస్తారు. ఫ్రేమ్ కౌంటర్ 1 దాటేదాకా అది కావాలనే 1/80 దగ్గర కొడుతుంది, రీలు ఎక్కించడం తేలికవ్వాలని. కౌంటర్ 1 దాటాక చూడండి. అప్పుడు 8 సెకన్లు పెట్టి గడియారం చూడండి. ఎపర్చర్ రింగ్ మెల్లగా తిప్పుతుంటే లోపల అంకెలు వరసగా మారాలి. గంతులేస్తే లోపలి రింగ్ అరిగిందని అర్థం. దాన్ని బాగుచేసేవాళ్ళు అరుదు.

మన బెజవాడకి ప్రత్యేకంగా ఇంకోటి చూడాలి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్ళు సింగ్ నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నిలబడ్డాయి. ఆ తర్వాత కొన్ని నెలలకి ఒకతను నాకు చూపించడానికి ఎఫ్4 తెచ్చాడు. పైన శుభ్రంగా తుడిచి ఉంది, మెరుస్తోంది. ఎంతకి కొన్నాడో చెప్పాడు, సంతోషంగా ఉన్నాడు. గ్రిప్ విప్పాను. మర గాట్లలో సన్నటి గోధుమరంగు మట్టి గీతలా గట్టిపడి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన గోడ వాసన. షట్టర్ ఒక్కసారి కొట్టింది, రెండోసారి అద్దం పైనే ఆగిపోయింది. అతని మొహం చూడలేకపోయాను. అమ్మినవాళ్ళకి తెలిసే అమ్మారో లేదో తెలియదు. అందుకే చెబుతున్నాను, భూతద్దం తీసుకెళ్ళండి, ప్రతి మర నెత్తినీ చూడండి, వాసన చూడండి. సిగ్గుపడకండి.

రీళ్ళ సంగతి కూడా మావాడు అడిగాడు. బ్లాక్ అండ్ వైట్ ఇంట్లోనే కడుక్కో అన్నాను, డీ-76 అనే డెవలపర్ పొడి కలుపుకుని. దానికి 20 డిగ్రీలు కావాలి. మే నెలలో మన డాబా మీది ట్యాంకు నీళ్ళు పడితే చెయ్యి చురుక్కుమంటుంది, కాబట్టి ఐసు తప్పదు. కలర్ మందుకి 38 డిగ్రీలు కావాలి. వేసవిలో ఆ వేడి మనకి ఉచితం.

మధ్యాహ్నం అన్నం తిన్నాక వాడు మళ్ళీ ఎఫ్3నే చేతిలోకి తీసుకుని, "యార్డులో తీయడానికి ఇదే బాగుంటుంది మావయ్యా" అన్నాడు. మర్నాడు వెళ్ళి భూతద్దంతో చూసి, బేరమాడి ఎఫ్3 కొన్నాడు. మొదటి రీలు పోయిన వారం మా వంటగదిలో కడిగాం. 36లో పదకొండు బాగా వచ్చాయి, మిగతా వాటిలో తప్పు ఎక్కడుందో వాడే చెప్పాడు. మాఘమాసంలో వాళ్ళ అక్క పెళ్ళి. దానికి మాత్రం నా ఎఫ్4, ఫ్లాష్, ఎనిమిది పెన్సిల్ సెల్లు పట్టుకెళ్తానని ఇప్పుడే చెప్పి ఉంచాడు.