జిప్సీ నుంచి జిమ్నీ దాకా: ఒకే తోటబాట, రెండు బండ్లు, పదమూడేళ్లు

మదనపల్లె అవతల మాకు ఏడెకరాల మామిడి తోట ఉంది. తారురోడ్డు దిగాక తోటకు రెండున్నర కిలోమీటర్ల మట్టిబాట, మధ్యలో ఒక వంక, వంక దాటగానే రాళ్లు తేలిన ఎక్కుడు. 2012 నుంచి నెలకు రెండుసార్లయినా బెంగళూరు రామమూర్తినగర్‌లో తెల్లారకముందే బయలుదేరి హొసకోటె, చింతామణి మీదుగా అక్కడికి పోయి వస్తున్నాను. మొదటి పదకొండేళ్లు మారుతి వాళ్ల 2006 మోడల్ జిప్సీ కింగ్‌లో, 2023 ఆగస్టు నుంచి వాళ్లదే ఐదు తలుపుల జిమ్నీ మాన్యువల్‌లో. జిప్సీ మీద 90 వేల కిలోమీటర్ల పైన తిరిగాను, జిమ్నీ ఇప్పటికి 38 వేలు దాటింది. జిప్సీని అమ్మలేదు, తోటలోనే రేకుల షెడ్డు కింద ఉంది. అందుకే రెండింటినీ ఒకే రోజు అదే బాట మీద నడిపి చూసే వీలు నాకుంది.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. నాలుగు చక్రాలూ లాగే ఈ చిన్న సుజుకీ బండ్ల వంశాన్ని ఇన్నేళ్లు నిలబెట్టింది దాని తక్కువ బరువు. మిగతావన్నీ, అంటే ఇంజన్, గేర్లు, స్ప్రింగులు, బ్రేకులు అన్నీ మారుతూ వచ్చాయి, ఆ ఒక్క విషయంలో మాత్రం సుజుకీ వాళ్లు పట్టు వదల్లేదు.

1970లో వచ్చిన మొదటి ఎల్‌జే10 చూడండి. హోప్ అనే చిన్న కంపెనీ 1967 ప్రాంతంలో తయారుచేసిన ఓఎన్360 హక్కులు సుజుకీ కొనుక్కుని దాన్ని దిద్దితే వచ్చిన బండి అది. 359 సీసీ టూస్ట్రోక్ ఇంజన్, 25 హార్స్‌పవర్, బరువు 600 కిలోల లోపు. అప్పట్లో జపాన్‌లో చిన్నబండ్ల రాయితీలు దక్కాలంటే పొడవు 3 మీటర్లు దాటకూడదు, అందుకని స్టెప్నీని వెనక తగిలించకుండా లోపల సీటు పక్కనే పెట్టేశారు, దాంతో ముగ్గురికే చోటు మిగిలింది. ఒక టైరు కోసం ఒక మనిషి సీటు వదులుకున్నారంటే ఆ కొలతల మీద ఎంత పట్టుదలగా ఉన్నారో అర్థమవుతుంది. 1977లో ఎల్‌జే80తో 797 సీసీ ఫోర్‌స్ట్రోక్ వచ్చింది, 1981లో ఎస్‌జే వరస మొదలైంది. ఆ ఎస్‌జే410నే కాస్త పొడవు చేసి మారుతి 1985 డిసెంబరులో జిప్సీ పేరుతో మన దగ్గర దించింది. 970 సీసీ, 45 హార్స్‌పవర్, నాలుగు గేర్లు.

ఆ మొదటి జిప్సీ మా పెదనాన్న దగ్గర ఉండేది. రోడ్డు పనుల కాంట్రాక్టులు చేసేవాడు కాబట్టి కంకర గుట్టల మీద, చెరువుకట్టల మీద దానితోనే తిరిగేవాడు. వెనక ఎదురెదురు బల్లసీట్ల మీద మేం పిల్లలం ఆరుగురం కూర్చునేవాళ్లం. ఎత్తుగా, సన్నగా ఉన్న బండి కావడంతో మలుపుల్లో పక్కకు ఒరిగేది, పెద్దమ్మ గుండెల మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేది. ఆ భయం పెద్దమ్మ ఒక్కదానిదే కాదని నాకు తర్వాత తెలిసింది, ఎందుకంటే 1993లో కంపెనీ చక్రాల మధ్య వెడల్పును 90 మిల్లీమీటర్లు పెంచి వైడ్‌ట్రాక్ మోడల్ తెచ్చింది. తొంభై మిల్లీమీటర్లంటే బెత్తెడు. ఆ బెత్తెడుతోనే పాత బండికీ కొత్త బండికీ మలుపులో ఎంతో తేడా ఉండేది.

1996లో జిప్సీ కింగ్ వచ్చింది. 1.3 లీటర్ల ఇంజన్, 60 హార్స్‌పవర్, ఐదు గేర్లు. 2000లో కార్బొరేటర్ పోయి ఎంపీఎఫ్ఐ (పెట్రోలును ఎలక్ట్రానిక్స్ లెక్కతో చిమ్మే ఏర్పాటు) వచ్చాక 80 హార్స్‌పవర్ అయింది. నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది ఈ చివరి రకం. 985 కిలోల బండికి 80 గుర్రాలంటే ఘాట్‌లో దాని హుషారు చూసి తీరాలి. హిమాలయ ర్యాలీల్లో ఏళ్ల తరబడి ఈ బండ్లే ఎందుకు దౌడు తీశాయో, సైన్యం వేల సంఖ్యలో ఎందుకు కొన్నదో నడిపినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

దాని ఇబ్బందులూ రాయాలి. ముందూ వెనకా కమాన్ కట్టలే (ఇనుప పలకల స్ప్రింగులు). ఖాళీగా పోతే ఎగిరెగిరి పడేది, వెనక మూడు ఎరువు బస్తాలు వేస్తే కుదుటపడేది. నా బండికి ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. కేఆర్ పురం దగ్గర సాయంత్రం ట్రాఫిక్‌లో ముప్పావు గంట క్లచ్ తొక్కి ఇంటికొస్తే ఎడమకాలు కిందపెట్టబుద్ధి కాదు. మైలేజీ ఊళ్లో 9, హైవేలో 12 దాటలేదు. వేసవిలో చింతామణి రోడ్డు మీద సాఫ్ట్‌టాప్ కిటికీ జిప్ తీసుకుని పోతుంటే దుమ్ముతో తల జడలు కట్టేది, అయినా ఆ గాలి, ఆ మామిడిపూత వాసన ఏ ఏసీ బండిలోనూ రావు.

కొన్న రెండేళ్లకు 60 కిలోమీటర్ల వేగంలో చిన్న గుంత తగిలినా స్టీరింగ్ గజగజ వణకడం మొదలైంది. మా ఇంటి దగ్గర ఓ గ్యారేజీలో రెండుసార్లు అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ అని డబ్బు తీసుకున్నారు, టైర్లు మార్చమన్నారు, అవీ మార్చాను. ఏం లాభం లేదు. హొసకోటె దాటాక పక్కన లారీ పోతుంటే చేతుల్లో స్టీరింగ్ అలా కొట్టుకుంటుంటే ఎంత టెన్షనో మాటల్లో చెప్పలేను. చివరికి శివాజీనగర్‌లో జిప్సీలే చూసే ఓ పెద్దాయన ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఒకసారి ఊపాడు, అంతే, కింగ్‌పిన్ బేరింగులు, అంటే స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం ఏ ఇరుసు మీద మళ్లుతుందో దాని బేరింగులు, పోయాయని తేల్చేశాడు. జేసీ రోడ్డులో బేరింగులు, సీళ్లు కొనుక్కొచ్చి ఇస్తే మర్నాటికి బండి నిటారుగా పోయింది. అప్పటినుంచి ప్రతి వానాకాలం అయ్యాక ఆ బేరింగులకు గ్రీజు పట్టించడం మానలేదు, వణుకు మళ్లీ రాలేదు.

ఇప్పుడు వంక సంగతి. 2017లో ఒక అక్టోబరు వాన తర్వాత వంకలో మట్టి కోసుకుపోయి గాడి పడింది. బండి దిగి, ముందు చక్రాలకూ బలం అందేలా వాటి హబ్‌లు చేత్తో లాక్ చేసి, చిన్న గేర్ రాడ్ లో గేర్‌లో వేసి దిగాను. అవతలి గట్టు ఎక్కేచోట బండి ఏటవాలుగా నిలబడి ముందు కుడి చక్రం, వెనక ఎడమ చక్రం గాల్లో తేలాయి. ఆ రెండే గిరగిరా తిరుగుతున్నాయి, నేల మీదున్న రెండూ కదలవు. ఫోర్ బై ఫోర్ బండి ఇలా ఎందుకు ఆగిపోతుందని చాలామంది అడుగుతారు. కారణం క్రౌన్ లోపల, అంటే యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల గుండులో ఉంది. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి రెండింటినీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే ఏర్పాటు అక్కడ ఉంటుంది, రోడ్డు మీద అది వరం. కానీ ఒక చక్రానికి నేల అందకపోతే తిరుగుడంతా ఆ చక్రానికే పోతుంది. లో గేర్ ఎంత బలం ఇచ్చినా గాల్లో తిరిగే చక్రానికే ఇస్తుంది. మా తోట చూసుకునే అతను వెనక బంపర్ మీదెక్కి నిలబడి, "అన్నా, ఇంగ నిదానంగా వదులు" అంటూ తన బరువుతో వెనక చక్రాన్ని నేలకు ఆనించాడు, అప్పుడు కదిలింది. బండి బరువు తక్కువ కాబట్టే మనిషి బరువు పనిచేసింది. రెండు టన్నుల బండైతే ట్రాక్టర్ పిలవాల్సి వచ్చేది.

అదే వంక, ఇంచుమించు అలాంటి గాడే, 2024 వానాకాలం చివర జిమ్నీతో. మళ్లీ రెండు చక్రాలు ఏటవాలుగా లేచాయి. 4ఎల్‌లో (నాలుగు చక్రాలూ లాగే లో గేర్) ఉంది, యాక్సిలరేటర్ వదలకుండా సన్నగా తొక్కి పట్టాను. రెండు క్షణాలు చక్రాలు ఖాళీగా తిరిగాయి, తర్వాత కింద కటకటమని చప్పుడు, బండి మెల్లగా గట్టు మీదికి పాకేసింది. ఖాళీగా తిరిగే చక్రానికి మాత్రమే ఎలక్ట్రానిక్స్ బ్రేకు పట్టిస్తాయి, దాంతో దానికి అడ్డు పెరిగి బలం అవతలి చక్రానికి పోతుంది. అప్పుడు ఆ మనిషి బంపర్ మీద నిలబడి చేసిన పనే ఇప్పుడు బ్రేకులు చేస్తున్నాయి. కొత్తగా తీసుకున్నవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు, చక్రం తిరగ్గానే కంగారుపడి కాలు తీసేస్తారు. తీయకండి, ఆ బ్రేకు పట్టడానికి ఒకటి రెండు క్షణాలు ఇవ్వాలి.

దీని గొప్పతనం ఏమిటంటే, ఇన్ని ఏర్పాట్లు చేర్చినా అసలు ఎముకలు మార్చలేదు. నిచ్చెన లాంటి చాసిస్ అదే, ముందూ వెనకా ఒకే కట్టె లాంటి యాక్సిల్ అదే, చేత్తో వేసే చిన్న గేర్ రాడ్ కూడా అదే. జపాన్‌లో 1995లోనే కమాన్ కట్టలు తీసి కాయిల్ స్ప్రింగులు పెట్టారు, 1998లో ఒక తరం, 2018లో ఇప్పటి తరం వచ్చాయి. మనకు మాత్రం 1981 నాటి బండే 2018 దాకా నడిచింది, ఆ తర్వాత ఏబీఎస్, ఎయిర్‌బ్యాగుల నిబంధనలతో ఆగింది. 2023 జనవరిలో ఆటో ఎక్స్‌పోలో ఐదు తలుపుల జిమ్నీ చూపించి జూన్‌లో అమ్మకానికి పెట్టారు. అంటే మనం మధ్యలో ఒక తరం దాటేసి ఒక్కసారిగా ఇందులో దిగాం, అందుకే జిప్సీ దిగి జిమ్నీ ఎక్కినవాళ్లకు అంత తేడా కనిపిస్తుంది. బరువు 1200 కిలోల దరిదాపుల్లో ఉంది. ఆరు ఎయిర్‌బ్యాగులు, ఏసీ, ఇంకో రెండు తలుపులు వచ్చినా రెండొందల చిల్లర కిలోలే పెరిగిందంటే నాకు ముచ్చటేస్తుంది. ఈ వంశంలోనే ఎస్‌జే413ను మార్పులు చేసి 2007లో ఇద్దరు చిలీ వాళ్లు ఓహోస్ దెల్ సలాదో అగ్నిపర్వతం మీద 6,688 మీటర్ల ఎత్తుకు ఎక్కించారు. గాలి పలచబడి ఇంజన్ సగం చచ్చిపోయే అంత ఎత్తులో తక్కువ బరువు ఎంత సాయం చేసి ఉంటుందో ఆలోచించండి.

రోడ్డు మీద జిమ్నీ మామూలు కారులా పోతుంది అని రాయలేను, యాక్సిల్ బండి యాక్సిల్ బండే, స్టీరింగ్ కాస్త నిదానం, గుంతల్లో పక్కపక్కకు ఊగుతుంది. అయినా నడుంనొప్పి వల్ల 2021 నుంచి తోటకు రావడం మానేసిన మా నాన్న ఇప్పుడు ముందు సీట్లో కూర్చుని వస్తున్నాడు, కాయిల్ స్ప్రింగుల గురించి ఇంతకన్నా నేను చెప్పగలిగింది లేదు. 1.5 లీటర్ల ఇంజన్‌కు 105 పీఎస్ అంటారు గానీ నలుగురు కూర్చుని సామానుతో పోతే చింతామణి రోడ్డులో ఓవర్‌టేక్‌కు మూడో గేర్‌కు దిగాల్సిందే. మైలేజీ నాకు ఊళ్లో 12, హైవేలో 15. ట్యాంకు 40 లీటర్లే, జిప్సీకీ అంతే ఉండేది.

ఇంకో మాట, జిప్సీలో అయినా జిమ్నీలో అయినా ఎండిన తారురోడ్డు మీద 4హెచ్ (నాలుగు చక్రాలూ లాగే హై గేర్) వేసుకుని తిరగకండి. ముందూ వెనకా యాక్సిళ్ల మధ్య తేడా సర్దే ఏర్పాటు ఈ బండ్లలో లేదు, మలుపులో బండి బ్రేకు పట్టినట్టు బిగుసుకుంటుంది, గేర్‌బాక్సు మీద భారం పడుతుంది. మట్టిలో, బురదలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది.

జిమ్నీలో నాకు నిజంగా బాధ కలిగించేది చోటు. జిప్సీ వెనక బల్లసీట్లు మడిచి వెనక తలుపు దించితే పద్నాలుగు మామిడి క్రేట్లు పట్టేవి. జిమ్నీలో వెనక సీట్లు పడుకోబెట్టినా ఆరు దాటవు, సీట్లు నిలబెడితే డిక్కీ 208 లీటర్లే. పైగా నలుగురికే రిజిస్ట్రేషన్. పిల్లలు ఆరుగురు ఎదురెదురుగా కూర్చుని అరుచుకుంటూ పోయే బండి ఈ వంశంలో ఇక లేదు. టాపు తీసే మోడల్ కూడా లేదు, అది ఒక్కటి ఇచ్చి ఉంటే ఇంకో లక్ష పెట్టడానికైనా నేను సిద్ధం. అందుకే కాయ కోతకొచ్చే మే, జూన్‌లలో జిప్సీకే పని, క్రేట్లు తోట నుంచి మండీకి అదే చేరుస్తుంది.

2022 సెప్టెంబరులో బెళ్లందూరు వైపు నీళ్లు నిలిచినప్పుడు జిప్సీతో మా ఆఫీసు అతని అమ్మానాన్నల్ని బయటికి తెచ్చాను. బయటికొచ్చాక బండి బాగానే ఉందని వదిలేయకుండా మర్నాడే రెండు క్రౌన్ల ఆయిల్ తీయించాను, వెనకది పాలుకలిపిన టీ రంగులో ఉంది. నీళ్లలో దింపిన ప్రతిసారీ ఇది చూసుకోవాలి, అలా వదిలేస్తే బేరింగులు, పళ్లు తుప్పుపట్టి ఆర్నెల్లలో ఊళపెడతాయి.

పాత జిప్సీ కొనాలనుకునేవాళ్లు పెయింట్ మెరుపు చూడకండి. బండి కింద పడుకుని వెనక కమాన్ కట్టలు చాసిస్‌కు తగిలే చోట స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి, మెత్తగా దిగితే లేచి వచ్చేయండి. 60 వేగంలో స్టీరింగ్ వణికితే బేరింగుల ఖర్చు ధరలో తగ్గించమనండి, అది భయపడాల్సిన జబ్బు కాదు. సైన్యం వేలంలో పోయిన బండ్లు దొరుకుతాయి, వాటికి కాగితాలు సరిగా ఉన్నాయో లేదో ఆర్టీఓ ఆఫీసులో కనుక్కున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. జిమ్నీలో ఆటోమేటిక్‌కు నాలుగు గేర్లే, మా వంక దిగేటప్పుడు మాన్యువల్ మొదటి గేర్ పట్టి ఆపే తీరు నాకిష్టం, రోజూ కేఆర్ పురం, మారతహళ్లి తిరిగేవాళ్లయితే మాత్రం ఆటోమేటిక్కే తీసుకోండి, ఎడమకాలు బాగుంటుంది.