సెకండ్ హ్యాండ్ డీజిల్ కొంటున్నారా? రీడింగ్ తక్కువని మురిసిపోకండి

విశాఖలో నేను వాడుతున్నది 2020 చివర్లో రిజిస్టరైన డీజిల్ ఎస్‌యూవీ. కన్సల్టెన్సీలో కొని నాలుగేళ్లు కావస్తోంది. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే బాధ ఏదో ఒక్క కంపెనీది కాదు, బీఎస్6 (కొత్త, కఠినమైన పొగ నిబంధనల) డీజిల్ కార్లలో దాదాపు అన్నిటికీ ఉన్నదే.

ముందు మంచి మాట. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఈ బండి లాగుడు చూడాలి. ఐదుగురం కూర్చుని, వెనక సామాను నింపి, ఏసీ వేసుకున్నా థర్డ్ గేర్లోనే మలుపులన్నీ ఎక్కేస్తుంది. అదే ఘాట్‌లో మా బావమరిది పెట్రోల్ కారు సెకండ్ గేర్‌కి దిగి, గోల పెట్టుకుంటూ వస్తుంది. మైలేజీ కూడా లీటరుకు పద్దెనిమిది ఇస్తోంది. ఈ రెండింటి కోసమే డీజిల్ వెతికాను, రెండూ దొరికాయి.

నా కోపమంతా మార్కెట్లో బండికి ధర కట్టే పద్ధతి మీద. ఎన్నో ఓనరు, ఎంత తిరిగింది అని రెండే ప్రశ్నలు అడుగుతారు. రీడింగ్ తక్కువుంటే ధర పెంచుతారు. పెట్రోల్ కారుకి అది సబబే కావచ్చు. బీఎస్6 డీజిల్‌కి మాత్రం కాదు. నాకు బండి చూపించినప్పుడు, "డాక్టర్ గారి బండి సార్. ఇంటి నుంచి క్లినిక్‌కి, క్లినిక్ నుంచి ఇంటికి తప్ప ఎక్కడికీ వెళ్లలేదు" అని గొప్పగా చెప్పి, దానికి అదనంగా డబ్బు పుచ్చుకున్నారు. తర్వాత పడిన తిప్పలన్నిటికీ మూలం ఆ ఒక్క మాటలోనే ఉంది.

అంతకు ముందటి బీఎస్4 నిబంధనల డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల దాకా మసి వదలొచ్చు. బీఎస్6లో ఆ పరిమితి 4.5. ఆ మసిని ఆపడానికి పొగ గొట్టంలో ఒక ఫిల్టర్ పెట్టారు, డీపీఎఫ్ అంటారు. నిండుతున్న కొద్దీ తనలోని మసిని తనే కాల్చుకోవాలి. దానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. హైవే మీద ఆగకుండా ఓ ఇరవై నిమిషాలు పరుగెత్తితే ఆ పని మనకు తెలియకుండానే అయిపోతుంది. ఊళ్లో మూడు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తే కాలడం మొదలవగానే ఆగిపోతుంది. మళ్లీ మర్నాడూ అంతే. అప్పట్లో నాది కూడా ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం దాకా రోజువారీ తిరుగుడు.

కొన్న కొద్ది నెలలకే డీపీఎఫ్ లైటు వెలగడం మొదలైంది. హైవే ఎక్కి తిప్పుకొస్తే ఆరిపోయేది, కొన్నాళ్లకు మళ్లీ వెలిగేది. ఒక రోజు సాయంత్రం వానలో మా మామగారిని ఎక్కించుకుని హనుమంతవాక దాటి జూ పార్కు వైపు ఎత్తు ఎక్కుతున్నాను. ఇంజిన్ లైటు వచ్చింది, పికప్ పోయింది. యాక్సిలరేటర్ చివరి దాకా తొక్కినా బండి నడక వేగం దాటడం లేదు. వెనకాల బస్సు ఒకటే హారన్. "ఏమైంది బాబూ, డీజిల్ అయిపోయిందా?" అని మామగారు కంగారు. ట్యాంకు ముప్పావు వంతు ఉంది. ఇంజిన్ పాడవకుండా కంప్యూటరే పవర్ కోసేసిందని నాకు మర్నాడు తెలిసింది.

మర్నాడు ఆటోనగర్‌లో ఒక పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ముందు స్కానర్ జోలికి పోలేదు. ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ, డిప్‌స్టిక్, బయటికి లాగి గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి నా చేతికిచ్చాడు. ఆయిల్ పై గీత దాటి వేలెడు పైకి ఉంది. "వాసన చూడండి సార్" అన్నాడు. డీజిల్ వాసన గుప్పుమంది. చుక్క వేళ్ల మధ్య రాస్తే జిగురు లేదు, నీళ్లలా జారిపోతోంది. మసి కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ వదులుతుంది. మధ్యలో బండి ఆపేస్తే, కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ పలచబడితే బేరింగులు, టర్బో అరిగిపోతాయి. బండి ఆయిల్ తాగేస్తోందని బాధపడేవాళ్లను చూశాను గానీ, ఆయిల్ పెరగడం ప్రమాదమని నాకు ఎవరూ చెప్పలేదు.

ముందు ఆయిల్ మార్చాడు. తర్వాత ఎండు గడ్డి, చెత్త లేని చోట బండి నిలబెట్టి స్కానర్ తగిలించి మసి కాల్చే ప్రోగ్రామ్ నడిపాడు. లోపల ఎవరూ లేకుండానే ఇంజిన్ దానంతటదే రేజ్ అవుతోంది. సైలెన్సర్ దగ్గర నిలబడలేనంత వేడి. అరగంట పైనే పట్టింది. ఆ రోజుకి గట్టెక్కాను. ఫిల్టర్ కొత్తది వేయాలంటే లక్ష దాటుతుందన్నారు, అవసరం పడలేదు. ఇంకో షెడ్డులో మాత్రం "లోపలిది కొట్టేసి సాఫ్ట్‌వేర్ మార్చేస్తాం, ఇక లైటే రాదు" అన్నారు. అది చట్ట విరుద్ధం. పైగా ఆ మసి మా వీధి పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. నేను ఒప్పుకోలేదు.

మైలేజీ పద్దెనిమిది అన్నాను, అది హైవే మాట. సిరిపురం రోజుల్లో పన్నెండు దాటితే ఎక్కువ. పెట్రోల్ కంటే డీజిల్ లీటరుకు పది పన్నెండు రూపాయలు తక్కువే గానీ, నెలకు నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగేవాళ్లకు ఆ మిగులు ఒక్క సర్వీసు బిల్లుకే పోతుంది. 2014 అక్టోబర్‌లో డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేయక ముందు తేడా బాగా ఉండేది. కొనేవాళ్లు చాలామంది ఇప్పటికీ ఆ లెక్కలోనే ఉన్నారు.

ఈ ఫిల్టర్ గొడవ వద్దనుకునేవాళ్లు 2018, 2019 నాటి బీఎస్4 డీజిల్ వెతుకుతున్నారు. మారుతి లాంటి కంపెనీలు 2020లో డీజిల్ మానేశాక చిన్న డీజిల్ కార్లకు గిరాకీ అలాగే నిలబడింది. మన రాష్ట్రంలో ఉండేవాళ్లకైతే అదీ ఒక దారే. ఉద్యోగరీత్యా ఢిల్లీ వెళ్లే అవకాశం ఉంటే మాత్రం, పదేళ్లు దాటిన డీజిల్ మీద అక్కడి నిబంధన ఏమిటో ముందు కనుక్కోండి. అక్కడి నుంచి ఎన్‌ఓసీతో చౌకగా వచ్చే బండ్లకు ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కూడా కలుపుకుని ధర చూడండి. పెట్రోల్‌కీ తన బాధ తనకుంది. మా బావమరిది కారు 2019ది, ఇప్పుడు బంకుల్లో పోస్తున్న ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్‌కి తయారైంది కాదు. మైలేజీ తగ్గిందని రోజూ గొణుగుతున్నాడు. పెట్రోల్ వైపు వెళ్తే, ఆ ఇథనాల్‌ని తట్టుకునేలా తయారైన 2023 ఏప్రిల్ తర్వాతి బండి చూసుకోవడం మంచిది.

నా సంగతికొస్తే, రెండేళ్ల కిందట ఆఫీసు అచ్యుతాపురం మారింది. రోజూ హైవే. అప్పటి నుంచి ఆ లైటు మళ్లీ వెలగలేదు, డిప్‌స్టిక్ గీత దాటలేదు. ఇప్పుడు ఈ బండి నాకు నచ్చింది. సిరిపురంలోనే ఉండి ఉంటే ఈపాటికి అమ్మేసేవాణ్ణి. అందుకే ఎవరైనా అడిగితే మీ ఆఫీసు ఎంత దూరమని ముందు అడుగుతున్నాను.

బీఎస్6 డీజిల్ చూడ్డానికి వెళ్లినప్పుడు డిప్‌స్టిక్ లాగి వాసన చూడండి. స్కానర్ ఉన్న మెకానిక్‌ని వెంట తీసుకెళ్లి ఫిల్టర్లో మసి ఎంత ఉందో, చివరిసారి కాల్చి ఎన్ని కిలోమీటర్లయిందో చూపించమనండి. సర్వీసు బిల్లుల్లో డీపీఎఫ్ బండ్లకు వాడే తక్కువ బూడిద ఆయిల్ పోశారో లేదో చదవండి. మామూలు ఆయిల్ బూడిద ఎంత వేడికీ కాలదు, ఫిల్టర్లోనే ఉండిపోతుంది. స్కానర్ పెట్టనివ్వకపోతే ఆ బండి వదిలేయండి, రీడింగ్ ఎంత తక్కువున్నా సరే.